ఒకే పాఠం, నాలుగు దారులు



పల్నాడులో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు పాఠాల కొరత ఉందని నేను అనుకోను. నరసరావుపేటలో ఇంటర్ చదివే ఒక పిల్లవాణ్ణి తీసుకోండి. పొద్దున కాలేజీలో లెక్చరర్ గారు యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ చెబుతారు. సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో “టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్” అనే ప్రశ్నకు జవాబు వల్లె వేయిస్తారు. రాత్రి ఫోన్‌లో వీడియో చూసి రోజుకు పది కొత్త మాటలు రాసుకుంటాడు. మధ్యలో ఖాళీ దొరికితే యాప్ తెరుస్తాడు, అందులో ఎవరో ఎక్కడో కాఫీ తాగుతూ ఉంటారు. పరీక్షలు దగ్గర పడితే గైడులో వ్యాసాలు. ఐదు చోట్ల ఐదు పాఠాలు జరుగుతున్నాయి. ఒక చోట నేర్చిన మాట రెండో చోట మళ్లీ ఎదురుపడదు. కాలేజీలో చెప్పిన పాసివ్ వాయిస్‌కు, సెంటర్‌లో చెప్పిన స్వపరిచయానికి పరిచయమే లేదు. రెండేళ్లు గడిచాక ఆ పిల్లవాడు “అన్నీ చేశాను సార్, ఇంగ్లీషు మాత్రం రాలేదు” అంటాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అన్నీ చేశాడు.

ఇంగ్లీషు బాగా రావాలంటే రకరకాల పద్ధతులు కలుపుకోవాలని ఈ రోజుల్లో అందరూ చెబుతున్నారు. మంచి మాటే. పల్నాడు పల్లెల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంటూ వచ్చినవాడిగా నేను దానికి ఒక మాట చేర్చాలనుకుంటున్నాను. పద్ధతులు కలవడమంటే ఒక్కో పద్ధతిలో ఒక్కో కొత్త పాఠం మొదలుపెట్టడం అనుకోకూడదు. ఒక చిన్న పాఠాన్ని పట్టుకుని, వారం రోజుల పాటు దాన్నే వినాలి, దాన్నే చదవాలి, దాన్నే రాయాలి, దాన్నే నోటితో చెప్పాలి. ఈ నాలుగు దారులూ ఒక్క చోట కలిసినప్పుడే భాష నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా వినండి.

చెవికి అందనివి కొన్ని ఉంటాయి, కంటికి కనపడనివి కొన్ని ఉంటాయి. తెలుగులో మనం మాట్లాడేటప్పుడు ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇస్తాం. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా పలుకుతుంది, ఏదీ మింగేయం. ఇంగ్లీషు నడక అలా ఉండదు. ఒక వాక్యంలో రెండు మూడు మాటల మీదే బలమంతా పడుతుంది, మిగిలినవి గబగబా నలిగిపోతాయి. “ఐ వెంట్ టు ద మార్కెట్ విత్ ఎ ఫ్రెండ్” అని ఇంగ్లీషు వాళ్లు మామూలుగా మాట్లాడే వేగంలో అంటే మన పిల్లల చెవిన పడేది ‘వెంట్, మార్కెట్, ఫ్రెండ్’. మధ్యలో ఉన్న ‘టు’, ‘ద’, ‘ఎ’ గాలిలో కలిసిపోతాయి. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి అవి పోయాయని మనసు కూడా వెతకదు. అందుకే వినడం మీదే ఆధారపడ్డ పిల్లవాడు “ఐ వెంట్ మార్కెట్ విత్ ఫ్రెండ్” అంటాడు. ఎన్ని వీడియోలు చూసినా అలాగే అంటాడు, ఎందుకంటే తను విన్నదే అంటున్నాడు.

భూతకాలం సంగతీ అంతే. ‘వాక్డ్’ అని రాస్తారు, పలికేటప్పుడు చివర ‘ట్’ వస్తుంది. “హి వాక్ట్ టు స్కూల్” అన్నప్పుడు ఆ చివరి ‘ట్’, తరువాతి మాట మొదట్లో ఉన్న ‘ట’ రెండూ కలిసి ఒక్కటైపోతాయి. చెవికి అక్కడ ‘వాక్’ తప్ప ఏమీ దొరకదు. అదే వాక్యం కాగితం మీద చూస్తే ‘ఇ, డి’ అక్షరాలు స్పష్టంగా కనపడతాయి. చెవి జారవిడిచినదాన్ని కన్ను పట్టుకుంటుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మన బడుల్లో ఇంగ్లీషు ఎక్కువగా కంటితోనే నేర్చుకుంటాం. ‘వెన్స్‌డే’ మధ్యలో ఉన్న ‘డి’ పలకదని పుస్తకం చెప్పదు. ‘ప్లంబర్’ అని మనమంతా అనే మాటలో ‘బి’ పలకదు, అది ‘ప్లమర్’. ‘డిటర్మిన్’ అనే మాటను చివర ‘మైన్’ అని చదివే డిగ్రీ విద్యార్థులను ఎందరినో చూశాను. వాళ్లకు దాని అర్థం తెలుసు, స్పెల్లింగ్ తెలుసు, ఎదుటివాడు ఆ మాట అంటే మాత్రం గుర్తుపట్టలేరు. మాటలో బలం ఎక్కడ పడుతుందన్నది ఇంకా కష్టమైన సంగతి. ‘ఫొటోగ్రాఫ్’లో బలం మొదటి అక్షరం మీద ఉంటుంది, ‘ఫొటోగ్రఫర్’లో రెండో అక్షరం మీదకు వెళుతుంది, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడో దాని మీదకు జరుగుతుంది. ఇది ఏ పేజీలోనూ కనపడదు. చెవి ఒక్కటే చెప్పగలదు.

వినడం, చదవడం రెండూ కలిసినా నోరు తెరుచుకుంటుందని హామీ లేదు. చూస్తే తెలిసే మాటకు, అవసరానికి నాలుక మీదకు వచ్చే మాటకు చాలా దూరం. రెండు వేల మాటలకు అర్థం చెప్పగలిగిన పిల్ల, బ్యాంకులో ఒక చిన్న ప్రశ్న అడగడానికి తడబడుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ అనే భాషాచార్యుడు 2007లో ఒక వ్యాసంలో ఈ లెక్కను సూటిగా చెప్పారు. విని, చదివి అర్థం చేసుకునే పని ఒక పావు వంతు. మాట్లాడి, రాసి అర్థమయ్యేలా చెప్పే పని ఒక పావు. వ్యాకరణం, ఉచ్చారణ, స్పెల్లింగ్ లాంటి వాటి మీద శ్రద్ధగా కూర్చోవడం ఒక పావు. తెలిసినదాన్నే తడుముకోకుండా ధారగా చెప్పేలా సాధన చేయడం చివరి పావు. మన పిల్లల కాలం ఎక్కువగా మూడో పావుకే పోతుంది. నాలుగో పావు, అంటే వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ వేగంగా వాడటం, మన తరగతి గదుల్లో దాదాపు లేదు. కొత్త పాఠం చెప్పకపోతే చదువు ఆగిపోయిందని మనం భయపడతాం.

ఇలా అన్ని దారులూ కలిపి భాష నేర్చుకోవడానికి తెలుగు గడ్డ మీదే ఒక మంచి ఉదాహరణ ఉంది, కాకపోతే తిరగేసిన ఉదాహరణ. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఒకాయన తెలుగు నేర్చుకున్న కథ అది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో కడపకు ఉద్యోగం మీద వెళ్లారు. మన గుంటూరులో కూడా 1832-33 కరువు రోజుల్లో పనిచేశారు. ఆయన నిఘంటువు గురించి అందరికీ తెలుసు. నాకు ఆసక్తి కలిగించేది ఆయన తన తరువాత తెలుగు నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన పుస్తకాల వరుస. 1840లో వ్యాకరణం వచ్చింది. 1850ల తొలి సంవత్సరాల్లో నిఘంటువులు వచ్చాయి. చదువుకోవడానికి ‘తెలుగు రీడర్’, జాతీయాలు సాధన చేయడానికి ‘వాక్యావళి’, మాట్లాడుకునే తీరు పట్టుబడటానికి సంభాషణల పుస్తకం. తాతాచారి అనే ఆయన నోటితో చెప్పిన కథలను చెప్పిన మాటల్లోనే రాయించి అచ్చు వేయించారు కూడా. వ్యాకరణం చదివినవాడికి తెలుగు వచ్చేస్తుందని బ్రౌన్ నమ్మలేదు. ఉత్తరం చదవాలి, కథ వినాలి, మాటకు మాట చెప్పాలి, సందేహం వస్తే నిఘంటువు తిప్పాలి. కచేరీలో అర్జీ పట్టుకుని నిలబడ్డ రైతు మాట అర్థం కాకపోతే ఎన్ని సూత్రాలు తెలిసి ఏం లాభమన్న అవసరం ఆ పుస్తకాలన్నిటి వెనుకా ఉంది. నూట డెబ్భై ఏళ్ల కిందట తెల్లదొరలు తెలుగు నేర్చుకోవడానికి ఇన్ని దారులు వేసి పెడితే, ఈ రోజు మన పిల్లలకు ఇంగ్లీషు కోసం గైడు ఒక్కటి చేతికివ్వడం నాకు బాధగా ఉంటుంది.

సరే, ఒకే పాఠాన్ని నాలుగు దారుల్లో నడిపించడం ఎలాగో చూద్దాం. పాఠం ఎక్కడినుంచో తేనక్కర్లేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు మన పిల్లలు బస్సు కిటికీలోంచి చూస్తూ పెరిగినవే. వాటి మీద ఐదు వాక్యాలు చాలు. నేను చదువుతాను, వినండి.

“పిడుగురాళ్ల ఈజ్ నోన్ ఫర్ ఇట్స్ లైమ్. వర్కర్స్ బ్రేక్ ద లైమ్‌స్టోన్ ఇంటు స్మాల్ పీసెస్. ద పీసెస్ ఆర్ హీటెడ్ ఇన్ ఎ కిల్న్ విత్ కోల్. ద స్టోన్ గివ్స్ ఆఫ్ కార్బన్ డయాక్సైడ్ అండ్ బికమ్స్ క్విక్‌లైమ్. వెన్ వాటర్ ఈజ్ యాడెడ్, ఇట్ గెట్స్ వెరీ హాట్ అండ్ టర్న్స్ ఇంటు స్లేక్డ్ లైమ్.”

ఇంతే పాఠం. సోమవారం నాడు పుస్తకం మూసి ఉంచి టీచర్ దీన్ని మామూలు వేగంతో రెండుసార్లు చదవాలి. పిల్లలు మొదటిసారి చేతులు కట్టుకుని వినాలి. రెండోసారి తమకు దొరికిన మాటలు మాత్రం రాసుకోవాలి. తరువాత ఇద్దరిద్దరు కూర్చుని, దొరికిన మాటలతో మొత్తం పాఠాన్ని తిరిగి కట్టాలి. ఇది మామూలు డిక్టేషన్ లాంటిది కాదు. డిక్టేషన్‌లో ఆలోచన అవసరం లేదు, ఇక్కడ ప్రతి వాక్యానికీ ఆలోచించాలి. ఈ పద్ధతి మీద ఆస్ట్రేలియాకు చెందిన రూత్ వైన్‌రిబ్ అనే ఆవిడ 1990లో ఉపాధ్యాయుల కోసం ఒక పుస్తకం రాశారు.

ఇలా కట్టినప్పుడు మూడో వాక్యం దగ్గర మన పిల్లలు సాధారణంగా రాసేది ఇది: “పీసెస్ హీటెడ్ ఇన్ కిల్న్ విత్ కోల్.” ‘ద’ పోయింది, ‘ఆర్’ పోయింది, ‘ఎ’ పోయింది. చెవి వాటిని పట్టలేదు. అప్పుడు అసలు పాఠం బోర్డు మీద రాసి, పోయిన మాటల కింద రంగు సుద్దతో గీత గీయాలి. ఆ గీతలే ఆ రోజు గ్రామర్ పాఠం. ‘ఆర్’ లేకపోతే ఏమవుతుంది? ముక్కలే దేన్నో కాల్చినట్టు అవుతుంది! ముక్కలను ఎవరో కాలుస్తున్నారు, ఆ ఎవరో మనకు ఇక్కడ అవసరం లేదు, అందుకని ‘ఆర్ హీటెడ్’. ఐదో వాక్యంలో ‘ఈజ్ యాడెడ్’ కూడా అదే. తొమ్మిదో తరగతిలో ‘రామా కిల్డ్ రావణా’, ‘రావణా వజ్ కిల్డ్ బై రామా’ అని సూత్రంగా నేర్చుకున్న పాసివ్ వాయిస్‌కు బతుకులో పని ఏమిటో పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. తను చేసిన తప్పు మీద నేర్చుకున్న సూత్రం కాబట్టి గుర్తుంటుంది.

మంగళవారం చదవడం. టీచర్ గొంతునో, ఫోన్‌లో రికార్డు చేసుకున్న గొంతునో వింటూ, దాని వెనకాలే పిల్లలు పైకి చదవాలి. బలం ఎక్కడ పడుతోందో ఆ మాట మీద బల్ల తట్టాలి. ‘కార్బన్ డయాక్సైడ్’లో ఎక్కడ తట్టాలో పిల్లలు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. పదో తరగతి పిల్లలైతే సైన్సు పుస్తకం తెరిస్తే ఇదే చర్య అందులో ఉంది, పొడి సున్నం, తడి సున్నం అని. మన రాష్ట్రంలో 2020-21 నుంచి దశలవారీగా వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు మీడియం మంచిదా తెలుగు మీడియం మంచిదా అన్న గొడవ ఎటు తేలినా, ఆ ఎదురెదురు పేజీలు మాత్రం చాలా విలువైనవని నా అభిప్రాయం. చాలా ఇళ్లలో పిల్లలు పరీక్షకు ఏది రాయాలో ఆ పేజీ ఒక్కటే చదివి రెండోది వదిలేస్తున్నారు. తెలుగు పేజీ చదివి సంగతి తెలుసుకుని, వెంటనే ఇంగ్లీషు పేజీ చదివితే అర్థం కోసం తడుముకునే శ్రమ తగ్గి, మనసు భాష మీద నిలుస్తుంది. పుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసినప్పుడు దీక్షా యాప్‌లో ఆ పాఠానికి సంబంధించిన వీడియో దొరికితే అదీ చూడొచ్చు. అది కొత్త పాఠం కాదు, అదే సంగతి ఇంకో దారిలో వచ్చింది.

బుధవారం నాడు ఒక కఠినమైన పని పెట్టాలి. పుస్తకం, నోటు పుస్తకం, బోర్డు ఏవీ చూడకుండా గుర్తున్నంత రాయాలి. పిల్లలకు ఇది నచ్చదు. “ఇంకోసారి చదువుకుంటాం సార్” అని బతిమాలతారు. ఒప్పుకోకూడదు. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పాలి. ఒక గుంపు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకో గుంపు ఒకసారి చదివి, తరువాత చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తరువాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు స్పష్టంగా ముందున్నారు. రేపటి స్లిప్ టెస్టు కోసం బట్టీ పట్టినవాడికి మార్కులు ఎందుకు వస్తాయో, వేసవి సెలవులు అయ్యేసరికి అంతా ఎందుకు ఆవిరైపోతుందో ఆ ప్రయోగం చూస్తే తెలుస్తుంది.

గురువారం, శుక్రవారం నోటికి పని. పిల్లవాడు సున్నం బట్టీ గురించి తన పక్కవాడికి రెండు నిమిషాలు చెప్పాలి. తరువాత జోడీ మారి, ఇంకొకడికి అదే సంగతి ఒకటిన్నర నిమిషంలో చెప్పాలి. మూడోవాడికి ఒక్క నిమిషంలో. ప్రపంచంలో చాలా చోట్ల దీన్ని నాలుగు, మూడు, రెండు నిమిషాలుగా చేయిస్తారు, మన హైస్కూలు పిల్లలకు ఇది చాలు. మొదటిసారి చెప్పేటప్పుడు నత్తి వస్తుంది, తెలుగు దొర్లుతుంది, ‘అంటే, అంటే’ అంటారు. మూడోసారికి మాటలు వెతుక్కునే బాధ ఉండదు. అదే నోరు, అదే విషయం, అదే మధ్యాహ్నం. ఆ పిల్లవాడి ముఖంలో మార్పు చూసిన టీచర్ ఎవరూ ఈ పని మళ్లీ మానరు. ఈ సమయంలో తప్పులు దిద్దకండి. ఒక కాగితం మీద రాసుకుని, అందరూ అయిపోయాక చెప్పండి. మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపితే వాడు మళ్లీ నోరు తెరవడానికి నెల పడుతుంది.

శనివారం నాడు విషయం మార్చి, వాక్యాల తీరు మార్చకుండా సొంతంగా రాయాలి. సున్నం స్థానంలో మిర్చి పెట్టండి. మన జిల్లాలో సగం ఇళ్ల వాళ్లకు కోత, కళ్లం, తాలు కాయలు ఏరడం, టిక్కీలు అనే బస్తాలు కుట్టడం, కోల్డ్ స్టోరేజీ, గుంటూరు యార్డు కంఠతా తెలుసు. “ద చిల్లీస్ ఆర్ పిక్డ్. దే ఆర్ డ్రైడ్ ఇన్ ద సన్. దే ఆర్ ప్యాక్డ్ ఇన్ బ్యాగ్స్.” సోమవారం చెవికి అందని ‘ఆర్’ శనివారానికి చేతిలోంచి తనంతట తాను వస్తుంది. అది రాకపోతే ఆ పాఠం ఇంకో రెండు రోజులు నడవాలి. సిలబస్ పూర్తి కాదేమో అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. వారానికి ఒక పీరియడ్ పూర్తిగా, మిగిలిన రోజుల్లో పది పదిహేను నిమిషాలు, ఇంతకంటే ఎక్కువ ఇది తినదు. పైగా వాచకంలో ఉన్న పాఠంలోంచే ఒక పేరా తీసుకుని ఇదంతా చేయొచ్చు.

అసలు అడ్డంకి వేరే చోట ఉంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషుకు 100 మార్కులు, అన్నీ రాతలోనే. వినడానికి మార్కు లేదు, మాట్లాడటానికి మార్కు లేదు. పరీక్షలో లేనిదాన్ని తరగతి గదిలో నేర్పుదామంటే టీచర్ మీద హెడ్మాస్టర్ ఒత్తిడి, హెడ్మాస్టర్ మీద పైవాళ్ల ఒత్తిడి. 2023లో ప్రభుత్వ బడుల పిల్లలకు టోఫెల్ పరీక్ష పెట్టడానికి రాష్ట్రం ఒప్పందం చేసుకున్నప్పుడు దాని మీద చాలా వాదోపవాదాలు జరిగాయి. ఖర్చు సంగతి, అవసరం సంగతి పక్కన పెడితే, పల్లెటూరి బడిలో కూడా పిల్లలకు ఇంగ్లీషు వినిపించి పరీక్ష పెట్టొచ్చన్న ఆలోచన ఒకటి అప్పుడు ముందుకొచ్చింది. ఆ ఆలోచన మన పబ్లిక్ పరీక్షలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 100లో 20 మార్కులు చెవికి, నోటికి ఇస్తే, రెండేళ్లలో తరగతి గదుల తీరు మారిపోతుంది.

ఈ మాట రేడియోలో చెబుతున్నాను కాబట్టి రేడియో సంగతి కూడా చెప్పాలి. కెన్యాలో 1980 నుంచి 1985 వరకు పల్లె బడుల్లో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలకు రేడియో ద్వారా ఇంగ్లీషు నేర్పారు. అందులో ఒక ప్రత్యేకత ఉంది. రేడియోలో గొంతు ప్రశ్న అడిగి ఆగుతుంది. ఆ ఖాళీలో పిల్లలు పైకి జవాబు చెబుతారు, లేచి నిలబడతారు, బోర్డు మీద ఉన్న మాటను చూపిస్తారు. టీచర్ పక్కనే ఉండి నడిపిస్తారు. అలా వినడం, చెప్పడం, చూడటం, కదలడం అన్నీ ఒకే పాఠంలో కలిశాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి ద్వారా ప్రాథమిక పాఠశాలలకు వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ కార్యక్రమం కూడా ఈ తరహాదే. దాన్ని శ్రద్ధగా వాడుకున్న బడిలో టీచర్ రేడియో పెట్టేసి రిజిస్టర్లు రాసుకునేవారు కాదు, రేడియోతో పాటు తానూ పాఠం చెప్పేవారు. స్మార్ట్ టీవీలు, డిజిటల్ బోర్డులు వచ్చిన ఈ రోజుల్లోనూ తేడా అక్కడే ఉంది. తెర పాఠం చెబుతుంటే టీచర్ ఆపి, అడిగి, పలికించి, రాయిస్తేనే అది నాలుగు దారుల పాఠం అవుతుంది.

మన దక్షిణాదిలోనే జరిగిన ఇంకో పెద్ద ప్రయత్నం ఉంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల్లోని మామూలు బడుల్లో పిల్లలకు గ్రామర్ పాఠాలు ఆపి పనులు ఇచ్చారు. ఒక మ్యాపు, ఒక రైల్వే టైమ్‌టేబుల్ చేతికిచ్చి, ఫలానా ఊరికి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలి అని ఇంగ్లీషులో అడిగేవారు. పిల్లలు లెక్క తేల్చే ధ్యాసలో భాషను వాడేసేవారు. మనకు నడికుడి జంక్షన్ ఉంది. గుంటూరు నుంచి వచ్చే లైను అక్కడ ఒకటి మాచర్ల వైపు, ఒకటి కృష్ణ దాటి సికింద్రాబాద్ వైపు చీలుతుంది. ఆ స్టేషన్ టైమ్‌టేబుల్ ఒక్కటి ఫొటో తీసి తెస్తే నెల రోజుల ఇంగ్లీషు పని దొరుకుతుంది. అయితే పని పూర్తయ్యాక వెనక్కి వచ్చి, వాడిన వాక్యాల్లో తప్పొప్పులు చూసుకోవడం అవసరమని నా అనుభవం. ప్రభు గారే 1990లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో అన్నిటికంటే మంచి పద్ధతి అంటూ ఒకటి లేదన్నారు. ఏ పద్ధతి వాడినా, అది ఎందుకు పనిచేస్తుందో టీచర్‌కు లోపల తెలిసి ఉండాలన్నది ఆయన మాటల సారం.

ఇంతకీ ఇన్ని దారులు మన పిల్లలకు మోయలేని బరువు అవుతాయా? వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల తండాల పిల్లలను చూడండి. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్లకు తెలుగు రెండో భాష. అంగట్లో బేరంలో విన్నారు, బస్సు బోర్డు మీద చదివారు, బడిలో రాశారు, ఆటలో తెలుగు పిల్లలతో పోట్లాడారు. అవే మాటలు నాలుగు వైపుల నుంచీ రోజూ తగిలాయి. పదేళ్లు నిండేసరికి తెలుగు ధారగా వచ్చేసింది. ఆ పిల్లలనే ఇంగ్లీషులో వెనకబడ్డవాళ్లని మనం ముద్ర వేస్తుంటే నాకు కోపం వస్తుంది. రెండో భాషను నాలుగు దారుల్లో నేర్చిన పిల్లకు మూడో భాష విషయంలో ఒక్క దారి చూపించి, అది రాలేదని తప్పు ఆమె మీద వేస్తున్నాం.

స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లను నేను తీసిపారేయను. బడి ఇవ్వని అవకాశం, అంటే నోరు తెరిచే అవకాశం, అవి ఇస్తున్నాయి. కానీ కంఠతా పట్టిన స్వపరిచయం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వరకే పనికొస్తుంది. ఇంజినీరింగ్ పిల్లలకు నేను చెప్పేది, మీ ల్యాబ్ రికార్డును సెంటర్‌కు తీసుకెళ్లండి. మీరు చేసిన ప్రయోగాన్ని అక్కడ ఇంగ్లీషులో వివరించండి, ప్రశ్నలు వేయించుకోండి, ఇంటికొచ్చి దాన్నే ఒక పేజీ రాయండి, అదే విషయం మీద ఒక వీడియో వినండి. కాలేజీ, సెంటర్, ఫోన్ మూడూ అప్పుడు ఒకే పని చేస్తాయి.

పెద్దవాళ్లకు దీనికంటే తేలికైన దారి ఉంది. తెలుగు వార్తలు వినండి. అదే రోజు ఇంగ్లీషు వార్తలు వినండి. ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి సగం వాక్యం అర్థం కాకపోయినా కథ తెగదు. మరునాడు పేపర్‌లో ఆ వార్త ఒక్కటి ఇంగ్లీషులో చదివి, రెండు వాక్యాలు రాసుకోండి. రోజుకు ఒక్క వార్త చాలు.

తల్లిదండ్రులు తరచుగా నన్ను అడిగే మాట ఒకటి ఉంది, “మాకు ఇంగ్లీషు రాదు కదా సార్, పిల్లకు మేమేం సాయం చేస్తాం?” అని. శనివారం పాఠం మీ ఇంట్లో జరగాల్సిందే. పిల్ల మిర్చి కళ్లం గురించి ముందు ఇంగ్లీషులో చెబుతుంది, మీరు వినండి. తరువాత అదే తెలుగులో చెప్పమనండి. కాయ ఎండకముందే టిక్కీ కుట్టేసిందంటే, తాలు ఏరడం మరిచిపోయిందంటే మీకు వెంటనే తెలిసిపోతుంది. “అది కాదమ్మా, ముందు ఎండాలి కదా” అనండి. పిల్ల ఇంగ్లీషు వాక్యాల వరుస సరిచేసుకుని మళ్లీ చెబుతుంది. టీచర్ పట్టుకోలేని తప్పు మీరు పట్టుకున్నారు. బడిలో నాకు సున్నం బట్టీ సంగతి, మిర్చి సంగతి సరిగ్గా చెప్పినవాళ్లు చాలామంది ఇలా ఇంట్లో దిద్దించుకుని వచ్చిన పిల్లలే.